నా నంబరు ఎవరిచ్చారు

శకుంతల గారితో నాకు ఆరేళ్ల పరిచయం. ఎటోబికోలో ఎయిర్‌పోర్టు వెనక విమానాలకు భోజనాలు తయారుచేసే కిచెన్ ఒకటుంది. ఇద్దరం అందులో పనిచేసేవాళ్లం. ఆవిడకు డ్రైవింగ్ రాదు. బ్రాంప్టన్‌లో మా ఇళ్ల మధ్య దూరం రెండు సిగ్నల్స్. పొద్దున్నే ఆవిడను కారులో ఎక్కించుకుని వెళ్లి, మధ్యాహ్నం మూడు దాటాక దింపేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఆ కారులో విన్నదే. కొంత కళ్లారా చూశాను. ఆవిడ అనుమానించినవాళ్లలో కొన్నాళ్లు నేనూ ఉన్నాను కాబట్టి, నా మాట పూర్తిగా నమ్మనవసరం లేదని ముందే చెబుతున్నాను.

ఆవిడది జగ్గయ్యపేట. తండ్రి రాఘవయ్య గారు రేషన్ డీలరు. "తూకంలో కొడుతున్నాడని ఊరంతా మా నాన్నను అనుమానించేది. దొంగ కార్డులు తెస్తున్నారని మా నాన్న ఊరందరినీ అనుమానించేవాడు. మధ్యలో నేను పెరిగా" అనేది. భర్త జనార్ధనరావు గారు టైర్ల గోడౌన్‌లో పనిచేస్తారు. ఆయనకు ఎదురుగా మాట్లాడితే వినపడుతుంది గానీ ఫోన్‌లో మాట అందదు. అందుకని బ్యాంకు, గ్యాసు, ఇన్సూరెన్సు, అన్నిటికీ ఆవిడ నంబరే. కూతురు మీనాక్షి బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంది.

ఆవిడ అనుమానం ఉత్త చాదస్తం కాదు. ఒకసారి కిచెన్‌లో వెజిటేరియన్ అని లేబుల్ వేసి, సీలు చేసిన పెట్టెలు ట్రాలీకి ఎక్కిస్తున్నాం. ఆవిడ ఒక పెట్టె చేతిలోకి తీసుకుని, బరువు తేడాగా ఉందని సీలు విప్పించింది. లోపల చికెన్. ఆ ట్రాలీలో నలభై పెట్టెలు అలాగే ఉన్నాయి. సూపర్‌వైజర్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపింది. "లేబుల్ అతికించింది మనిషే కదా" అంది శకుంతల గారు, మెచ్చుకోలు పట్టించుకోకుండా.

ఇంటి బేస్‌మెంట్‌ను స్టూడెంట్స్‌కు అద్దెకిచ్చేది. అప్పట్లో ప్రతి నెలా వందలమంది పిల్లలు దిగుతున్నారు. ఒక గదిలో ముగ్గురు, నలుగురు పరుపులేసుకుని పడుకునేవారు. ఆవిడ మాత్రం ఒక్క ఆడపిల్లకే ఇచ్చేది. ఇచ్చేముందు పాస్‌పోర్టు, కాలేజీ లెటరు, ఊళ్లో వాళ్ల నాన్న నంబరు, అన్నీ చూసేది. ఇచ్చాక మాత్రం కూర వండిన ప్రతిసారీ ఒక గిన్నెడు కిందికి వెళ్లేది. ఖమ్మం నుంచి వచ్చిన చరిత అలా పదినెలలు ఉంది. జ్వరం వచ్చి వారంపాటు లేవలేకపోతే మిరియాల చారు పెట్టి లేపి కూర్చోబెట్టింది ఈవిడే. 2022 అక్టోబరులో ఆ అమ్మాయి విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చిందని ఖాళీచేసి వెళ్లింది. జనవరిలో దేవిశ్రీ దిగింది. సిద్దిపేట అమ్మాయి, తక్కువ మాట్లాడుతుంది.

మొదటి కాల్ ఏప్రిల్ రెండోవారంలో వచ్చింది. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తోందట. మగగొంతు, పేరు గ్రాంట్ అన్నాడు. ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా పలికి, మీరేనా అన్నాడు. దేని గురించి అంటే ఒక ఫైలు గురించి అన్నాడు. ఏ ఫైలు అంటే ముందు మీ పుట్టిన తేదీ చెప్పమన్నాడు.

"పుట్టిన తేదీ అడిగేవాడు పెళ్లిళ్ల పేరయ్యన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి. నా పెళ్లి అయిపోయింది కాబట్టి పెట్టేశా" అంది మర్నాడు కారులో.

ఆ సాయంత్రమే ఇంకో నాలుగు వచ్చాయి. తర్వాతి రోజు ఏడు. ఒక నంబరు బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి. కూతురికి చెబితే "జస్ట్ బ్లాక్ దెమ్ మా, ఇట్స్ ఎ స్కామ్" అని మీటింగ్‌కి వెళ్లిపోయింది. మూడోరోజు గ్రాంట్ సూటిగా విషయంలోకి వచ్చాడు. చరిత ఒక లోన్ తీసుకుంది. మూడువేల ఎనిమిది వందల నలభై డాలర్లు ఆగిపోయాయి. ఆమె దొరకడం లేదు. హామీ ఉన్నది మీరు కాబట్టి మీరే కట్టాలి. కట్టకపోతే మీ క్రెడిట్ స్కోరు పోతుంది, ఇంటి మీదికి వస్తుంది. ఇంటి అడ్రసు చదివాడు. చరిత మీ బేస్‌మెంట్‌లోనే ఉండేది కదా అని కూడా అన్నాడు.

ఆ చివరి మాటకు ఆవిడ భయపడింది. అద్దెకిస్తున్న ఆ బేస్‌మెంట్‌కు సిటీవాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ లేదు, తెలిస్తే జరిమానా. వాళ్ల వీధిలో సగం ఇళ్లకు లేదు, అది వేరే సంగతి.

చరితకు ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వచ్చింది. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఒక టిక్ దగ్గరే ఆగింది. అంతే, ఆ పదినెలల చరిత మొత్తం ఆవిడ మనసులో తిరగబడిపోయింది. "అడక్కుండా గిన్నెలు తోమేది, గమనించావా. ఖాళీ చేసేటప్పుడు గది అద్దంలా తుడిచి వెళ్లింది. అంత మంచితనం ఊరికే ఎందుకు చేస్తారు?" అని నన్ను అడిగింది.

"నేను ఎక్కడా సంతకం పెట్టలేదు ధాత్రీ. పెట్టానంటావా?"

"మీరు కరెంటు బిల్లు మీద కూడా చదవకుండా సంతకం పెట్టరు" అన్నాను.

తర్వాతి గురువారం గ్రాంట్ కిచెన్‌కే ఫోన్ చేశాడు. ట్రేలు సర్దే లైన్‌లో అందరం తలలకు నెట్ టోపీలు పెట్టుకుని నిలబడి ఉన్నాం. సూపర్‌వైజర్ అద్దాల గదిలోంచి తల బయటపెట్టి, ఎవరో అప్పు సంగతి అంటున్నారు నీకు, అని పిలిచింది. దాచాలన్న ఆలోచన ఆమెకు తట్టలేదు. లైన్ మీద పాతికమంది తలలు తిరిగాయి. శకుంతల గారు వెళ్లి, ఫోన్ చెవికి పెట్టుకుని విని, పెట్టేసి వచ్చింది. ఆ రోజంతా స్పూన్లు లెక్కపెట్టి కవర్లలో వేస్తూ ఎవరి వైపూ చూడలేదు.

మధ్యాహ్నం కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. అన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ వెనక కూర్చోలేదు. ముందు సీట్లో ఏమన్నా ఉందేమోనని నేను చూసుకున్నాను. ఏమీ లేదు. హైవే ఎక్కాక వెనకనుంచి మాట వినిపించింది.

"మన ఆఫీసు ఫోన్ నంబరు బయటవాళ్లకు తెలియదు ధాత్రీ. నాకే గుర్తుండదు. కిందటేడు నా జీతం బ్యాంకులో పడే ఫారం నువ్వే నింపావు కదా."

"నింపాను."

"అందులో ఈ నంబరు ఉంది కదా."

"ఉంది."

అద్దంలో ఆవిడ నన్నే చూస్తోంది. నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా, నేను నిజంగా ఏదైనా చేశానేమోనని, ఆ ఫారం ఎవరి చేతికి ఇచ్చానో గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. అనుమానించే మనిషి ఎదుట నిర్దోషి కూడా దొంగలాగే కనిపిస్తాడని ఆ రోజు అర్థమైంది. మర్నాటి నుంచి మూడురోజులు ఆవిడ రెండు బస్సులు మారి పనికి వచ్చింది. నేను పిలవలేదు.

నాలుగోరోజు పొద్దున మా ఇంటి ముందే వచ్చి నిలబడి ఉంది. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, "నువ్వు కాదు. ఎవరో తెలిసింది" అంది. క్షమాపణ లాంటిదేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

వాషింగ్ మెషీన్ బేస్‌మెంట్‌లో, దేవిశ్రీ గది గోడకు ఆనుకుని ఉంటుంది. ముందురోజు బట్టలు వేయడానికి దిగితే గదిలోంచి ఇంగ్లిష్‌లో మాటలు వినపడ్డాయట. దేవిశ్రీ గొంతే గానీ దేవిశ్రీలా లేదు. సాగదీస్తూ, ఇక్కడ పుట్టినదానిలా మాట్లాడుతోంది. నా పేరు డయానా అని చెబుతోంది. ఫైలు ఇంకా మూసెయ్యలేదని, శుక్రవారం లోపల ఏదో ఒకటి కట్టమని ఎవరికో చెబుతోంది.

"బట్టలు మెషీన్‌లో వేశానో నేలమీద వేశానో తెలియలేదు. లెక్కేసి చూశా. ఆఫీసులో పార్ట్ టైమ్ జాబ్ దొరికిందని ఈ పిల్ల నాకు చెప్పిన రెండు వారాలకే కాల్స్ మొదలయ్యాయి. ఏం ఆఫీసని అడిగితే కస్టమర్ సర్వీస్ అంది. ఇంట్లో కూర్చుని నాకే ఫోన్ చేయిస్తోంది ధాత్రీ. నా అన్నం తింటూ."

"అడగండి మరి" అన్నాను.

"అడిగితే జాగ్రత్తపడుతుంది."

ఆ వారమంతా ఆవిడ జాగ్రత్తపడింది. కింద గదికి కూర గిన్నెలు ఆగిపోయాయి. టపా ముందుగా తానే తీసి, దేవిశ్రీకి వచ్చిన కవర్లను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసేది. అది నేరమని చెబితే, "చింపలేదుగా" అంది. దేవిశ్రీ ఎప్పుడు బయటికి వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో, గ్రాంట్ ఎప్పుడు ఫోన్ చేశాడో కేలెండర్ మీద రాసింది. రెండింటికీ పొంతన కుదరలేదు. కుదరకపోవడం కూడా ఆ పిల్ల తెలివేనని తేల్చింది.

ఆదివారం పొద్దున నన్ను సాక్షిగా రమ్మంది. వెళ్లేసరికి జనార్ధనరావు గారు సోఫాలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. దేవిశ్రీని పైకి పిలిచి కుర్చీ చూపించింది. ఆ అమ్మాయి నన్ను, ఆవిడను మార్చి మార్చి చూసింది.

"డయానా ఎవరు?" అంది శకుంతల గారు.

దేవిశ్రీ తల దించుకుని చెప్పింది. "నేనే ఆంటీ. మాది కలెక్షన్ ఆఫీసు. క్రెడిట్ కార్డులు కట్టనోళ్లకు ఫోన్ చేస్తాం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. మన పేర్లు చెప్తే అవతలోళ్లు తిడుతున్నరని వేరే పేరు పెట్టుకోమన్నరు. మీకు చెప్పబుద్ధి కాలే. ఇంట్ల అమ్మకు కూడా చెప్పలే."

"నా నంబరు ఎవరిచ్చారు?"

"ఏ నంబరు ఆంటీ?"

ఆవిడ జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ దేవిశ్రీ కళ్లలోకే చూసింది, రెప్ప ఎక్కడ కదులుతుందో పట్టుకోవాలన్నట్టు. దేవిశ్రీ మాత్రం వింటున్నకొద్దీ భయం పోయి, కనుబొమలు ముడిచింది.

"పనికాడికి ఫోన్ చేసి అందరి ముందట అప్పని చెప్పిండ్రా? అట్ల చెప్పొద్దు ఆంటీ. మాకు ట్రైనింగ్‌ల మొదటి రోజే చెప్తరు. ముందుగాల పేపర్ పంపాలె. పంపకుండ ఫోనే చెయ్యొద్దు. మీరు హామీ సంతకం పెట్టకపోతే, ఆ అమ్మాయి ఎక్కడుందని తప్ప ఇంకేం అడగొద్దు."

"చెయ్యకూడదని తెలిసే చేస్తారా?"

"నెలకు ఇంత వసూలు చెయ్యాలని ఉంటది ఆంటీ. చెయ్యనోళ్లను తీసేస్తరు" అంది దేవిశ్రీ.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, ఒక్క నిమిషం ఆగమంది. గ్రాంటే. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. "ఆదివారం ఒంటిగంట లోపల కూడా చెయ్యొద్దు" అని గొణిగి, దేవిశ్రీ ఒక పాత ప్రకటనల ఫ్లయర్ వెనక గబగబా తెలుగు అక్షరాల్లోనే నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాసి జరిపింది. శకుంతల గారు స్పీకర్ పెట్టి, ఒక్కొక్కటే చదివింది. మీ కంపెనీ పూర్తి పేరేమిటి. అడ్రసు ఏమిటి. ఈ అప్పుకు నాకు సంబంధం లేదు. ఏదైనా ఉంటే కాగితం మీద పంపండి, ఫోన్ చెయ్యకండి.

పక్కన ఎవరున్నారు, ఎవరు నేర్పుతున్నారు అన్నాడు గ్రాంట్. ఆవిడ మొదటి వాక్యం మళ్లీ చదివింది. మూడోసారి చదివాక అతను విసుగ్గా కంపెనీ పేరు చెప్పి పెట్టేశాడు. ఆ పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

ఫోన్ ఆగాక చూస్తే దేవిశ్రీ చేతిలోని పెన్ను అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"మాదే అక్కా. మా కంపెనీయే."

శకుంతల గారు కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇక ఇంతకంటే రుజువేం కావాలన్నట్టు నా వైపు చూసింది. దేవిశ్రీ చెబుతోంది. స్టూడెంట్ లోన్లు చూసేది పై ఫ్లోర్ అని, వాళ్లెవరో తనకు తెలియదని, తన కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు తెరుచుకోవని. ఒక్కొక్కటీ నిజమే కావచ్చు. ఒక్కొక్కటీ ముందే అల్లుకున్నదీ కావచ్చు. ఆ క్షణంలో నాకు కూడా తెలియలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను కూడా ఆ అమ్మాయి వైపు అనుమానంగానే చూశాను.

"సరే" అంది శకుంతల గారు. "నీకు సంబంధం లేదంటున్నావు కదా. మీ కంపెనీ మీదే ఉత్తరం రాయి. నా తరఫున. రేపు నాతో పోస్టాఫీసుకు వచ్చి రిజిస్టర్ చెయ్యి."

అది పరీక్ష అని ముగ్గురికీ తెలుసు. దేవిశ్రీ కొంచెంసేపు ఫ్లయర్ వైపు చూసి, కిందికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చుకుంది. గంటసేపు కూర్చుని రాసింది. వచ్చిన కాల్స్, తేదీలు, టైములు కేలెండర్‌లోంచి ఎత్తి వరసగా పెట్టింది. హామీ సంతకం ఉంటే దాని నకలు పంపమని అడిగింది. ఇదే మాట ఇలాంటి కంపెనీలను చూసే ప్రభుత్వ ఆఫీసుకు కూడా ఫిర్యాదుగా పంపింది. సోమవారం షాపర్స్ మందుల షాపులో ఉండే పోస్టాఫీసు కౌంటర్‌లో రసీదు తీసుకుని శకుంతల గారి చేతిలో పెట్టింది. ఈవిడ ఆ రసీదును వెనకాముందూ తిప్పి చూసింది.

కాల్స్ ఆగలేదు, తగ్గాయి. పదిరోజులకు పూర్తిగా ఆగాయి. "ఆగడం కూడా అనుమానంగానే ఉంది. కాగితాలేవో తయారు చేసుకుంటున్నారేమో" అంది కారులో.

మూడోవారంలో మందపాటి కవరు వచ్చింది. నన్ను ఇంటికి పిలిచి నా ఎదుటే చింపింది. లోపల చరిత పెట్టుకున్న లోన్ అప్లికేషన్ నకలు. చరిత చేతిరాతతో, తెలిసినవాళ్ల పేరు రాయాల్సిన చోట శకుంతల గారి పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పనిచేసే చోటి నంబరు. హామీదారు సంతకం చోటు ఖాళీ. కింద తేదీ 2022 సెప్టెంబరు. అప్పటికి దేవిశ్రీ సిద్దిపేటలోనే ఉంది, వీసా కూడా రాలేదు. ఈ అప్పుకు మీ బాధ్యత లేదు, ఇక మిమ్మల్ని సంప్రదించం అని మూడు లైన్ల ఉత్తరం పైన ఉంది. గ్రాంట్ గురించి ఒక్క ముక్క లేదు.

ఆవిడ ఆ తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి ఫ్రిజ్‌లోంచి గోంగూర పచ్చడి తీసి గిన్నెలో సర్ది కిందికి దిగింది. నేను మెట్ల దగ్గరే ఆగాను. కింద గదిలో పగటిపూటే దేవిశ్రీ పడుకుని ఉంది.

"ఇవాళ డ్యూటీ లేదా?" అని ఆవిడ అడగడం వినిపించింది.

"జాబ్ పోయింది ఆంటీ. పోయిన వారమే. ఉత్తరంల ఉన్న అడ్రస్, నా అడ్రస్ ఒకటేనని చూసిండ్రు."

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"అనుకున్న."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్ముతుంటిరా ఆంటీ?"

పైకి వచ్చాక ఆవిడ రెండోసారి టీ పెట్టింది. మొదటిది తాగామన్న సంగతి మర్చిపోయింది. వారం తిరగకుండా సూపర్‌వైజర్ వెంటపడి దేవిశ్రీని మా కిచెన్‌లో చేర్పించింది. ఆ నెల నుంచి కారులో ముగ్గురం. క్షమించమని ఆవిడ ఆ అమ్మాయిని అడిగిందో లేదో నాకు తెలియదు. నన్నయితే ఇప్పటికీ అడగలేదు.

చరిత జులైలో దొరికింది. కాలేజీ తెలుగు పిల్లల గ్రూపుల్లో దేవిశ్రీయే అడిగి అడిగి పట్టుకుంది. ఓ శనివారం విన్నిపెగ్ నుంచి వీడియో కాల్ చేసింది. మనిషి సగమైంది. చెప్పిన ఉద్యోగం రెండు నెలలకే పోయిందట. కాల్స్‌కు భయపడి నంబరు మార్చేసిందట. ఇప్పుడొక వేర్‌హౌస్‌లో చేరి, కంపెనీతో మాట్లాడి నెలనెలా కొంత కడుతోందట.

"అది సరే. నా పేరు నన్నడక్కుండా ఎందుకిచ్చావు?" అంది శకుంతల గారు.

చరిత తెల్లబోయింది. "అడిగే ఇచ్చాను కదా ఆంటీ. ఫీజు కట్టడానికి లోన్ పెట్టుకుంటున్నా, తెలిసినవాళ్ల పేరు ఒకటి కావాలంట, మీది రాయనా అంటే, రాసుకోమ్మా అన్నారు. ఆఫీసు నంబరు కూడా ఫ్రిజ్ మీద చీటీలో ఉంది చూసుకో అన్నారు. మీరప్పుడు దోసెలు పోస్తున్నారు."

ఆ సోమవారం కారులో ఆవిడ మామూలుగా ఉండలేదు. హైవే దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. వెనక సీట్లో దేవిశ్రీ చెవుల్లో పాటలు పెట్టుకుని కునుకు తీస్తోంది.

"అన్నానంటావా ధాత్రీ?"

"మీకు గుర్తుందా?"

"దోసెలు గుర్తున్నాయి. ఆ పిల్ల పక్కన నిలబడింది గుర్తుంది. ఏదో కాగితం ఉంది చేతిలో. నేనేమన్నానో గుర్తులేదు. ఇప్పుడది అబద్ధమాడుతోందన్నా అనుకోవాలి, నేనన్నా అనుండాలి. మా ఇంట్లో అలా గాల్లో మాట అనేవాళ్లను మా నాన్న గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు." కాసేపాగి, "అనే ఉంటాను" అంది. మళ్లీ కాసేపటికి, "అనలేదేమో" అంది.

ఆ సంగతి ఎటూ తేలలేదు. దేవిశ్రీ ఎనిమిది నెలలు మాతో పనిచేసి, చదువైపోయాక కిచెనర్ అనే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. బేస్‌మెంట్‌లోకి వేరే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి ఏదైనా అడగబోతే, శకుంతల గారు ముందు పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "ఇప్పుడు చెప్పు, మొదటి నుంచీ" అంటుంది.